పడుకునే ముందు ఒక దారం: అడవి అంచు తోటకు గంట కంచె



ఈ వారం పురుగుల జబ్బుల గురించి కాదు, పురుగులకు ఆకు తెచ్చే మన ప్రాణం గురించి రాస్తున్నాం. హోసూరు, డెంకణికోట, తళి, అంచెట్టి వైపు వాళ్లకు, బన్నేరుఘట్ట అడవి చుట్టుపక్కల వాళ్లకు ఇది ఎందుకో చెప్పనక్కర్లేదు. రాగి కంకి వేసిందంటే ఏనుగులు దిగుతాయి. అక్టోబరు మొదలుకొని సంక్రాంతి దాటేదాకా ఇదే భయం. ఏనుగు మన మల్బరీ కోసమే రావాలని లేదు. రాగి చేనుకు, అరటి తోటకు పోయే దారిలో మన తోట ఉంటే చాలు, తొక్కుకుంటూ పోతుంది. డ్రిప్పు పైపులు, నీళ్ల తొట్టి దాని కాళ్ల కింద పోతాయి. ఇక అడవిపందులకైతే కాలం లేదు, ఏడాది పొడుగునా వస్తాయి.

మిగతా పంటల రైతుకంటే మనకు ప్రమాదం ఎందుకు ఎక్కువ? నాలుగో జ్వరం లేచినాక పురుగుకు ఆగని ఆకలి. పంట మొత్తంలో తినే ఆకులో 80 శాతానికి పైగా ఈ చివరి వారంలోనే తింటుంది. ఆకు వాడకుండా ఉండాలని తెల్లవారకముందే తోటలోకి పోతాం, సాయంత్రం చల్లబడినాక మళ్లీ పోతాం. ఏనుగు చేలల్లోకి దిగేదీ, తిరిగి అడవికి మళ్లేదీ సరిగ్గా ఆ వేళల్లోనే. మల్బరీ ఆళ్లెత్తు పెరిగి ఉంటే పది అడుగుల దూరంలో ఏనుగు నిలబడినా కనబడదు. దానికి తోడు తోటలో మంచె మీదో పాకలోనో కాపలా పడుకునేవాళ్లు ఉంటారు. ఒడిశాలో దసలి పట్టు పెంచేవాళ్ల సంగతి ఇంకా కష్టం. పురుగులు తెల్లమద్ది, నల్లమద్ది చెట్ల మీదే పెరుగుతాయి గనక వాళ్లు అక్కడే పాక వేసుకొని కాపలా ఉండాలి.

అడవిలో గుడారం వేసుకొని రాత్రి గడిపేవాళ్లు పాతకాలం నుంచి ఒక పని చేస్తున్నారు. గుడారం చుట్టూ దారం కట్టి, దానికి డబ్బాలో గంటలో వేలాడదీస్తారు. జంతువు దారాన్ని తాకగానే చప్పుడు వస్తుంది. మన తోటకూ అదే పద్ధతి పనికొస్తుంది. అయితే ఒక మాట. *ఈ దారం జంతువును ఆపదు, మనల్ని లేపుతుంది.* దాని పని అంతే.

*మొదటి పద్ధతి: డబ్బా దారం*

చేపల గాలానికి వాడే నైలాన్ దారం తీసుకోండి. పది పదిహేను అడుగులకు ఒక గుంజ పాతి, గుంజకు వంచిన మేకు కొట్టి, ఆ వంపులోంచి దారం జారేటట్టు పోనివ్వండి. గుంజకు బిగించి కట్టొద్దు. బిగిస్తే లాగిన లాగు అక్కడే ఆగిపోతుంది, చివరిదాకా రాదు. దారానికి ఖాళీ డబ్బాల్లో నాలుగు గులకరాళ్లు వేసి వేలాడదీయండి. పాత ఎద్దుల మెడగంటలుంటే ఇంకా మంచిది. పాక చిన్నదై, దారం దగ్గర్లోనే ఉంటే ఈ పద్ధతి సరిపోతుంది. గాలి రాత్రుళ్లలో మాత్రం ఊరికే మోగి నిద్ర చెడగొడుతుంది.

*రెండో పద్ధతి: బట్టల క్లిప్పు బజరు*

దీనికి కావలసినవి బట్టలారేసే క్లిప్పు, కరెంటు వైరు, 9 వోల్టుల చదరపు బ్యాటరీ, అది తట్టుకునే చిన్న బజరు, ఒక ప్లాస్టిక్ ముక్క.

క్లిప్పు రెండు దవడలకు, పై పొర తీసిన రాగి తీగను విడివిడిగా చుట్టండి. క్లిప్పు మూసుకుంటే రెండు రాగి తీగలూ తాకాలి. బ్యాటరీ నుంచి ఒక వైరు ఒక దవడకు, రెండో దవడ నుంచి వైరు బజరుకు, బజరు నుంచి తిరిగి బ్యాటరీకి కలపండి. ఇప్పుడు బజరు మోగుతుంది. దవడల మధ్య ప్లాస్టిక్ ముక్క దూర్చండి, ఆగిపోతుంది. పాత స్కేలు ముక్క సరిపోతుంది.

క్లిప్పును గుంజకు గట్టిగా కట్టి, ప్లాస్టిక్ ముక్కకు నైలాన్ దారం ముడివేయండి. దారం రెండో కొసను దూరంగా ఇంకో గుంజకు కట్టండి. జంతువు దారాన్ని నెడితే ముక్క ఊడి వస్తుంది, దవడలు మూసుకుంటాయి, మనం పోయి మళ్లీ ముక్క పెట్టేదాకా బజరు మోగుతూనే ఉంటుంది. ఆ తర్వాత దారం తెగినా ఫరవాలేదు.

*కొలతలు*

పందికైతే దారం అడుగు నుంచి అడుగున్నర ఎత్తులో, ఏనుగుకైతే నాలుగైదు అడుగుల ఎత్తులో ఉండాలి. కుక్కలు తిరిగే చోట కింది దారం వద్దు.

ఒక దారం నూరడుగులకు మించొద్దు. పొడవు పెరిగితే రాపిడి పెరిగి ముక్క ఊడదు. చదరంగా ఉన్న ఎకరానికి ఒక్కో పక్క దగ్గర దగ్గర 209 అడుగులు వస్తుంది. అంటే పక్కకు మూడు దారాలు, మూడు క్లిప్పులు. మూల తిప్పకుండా ప్రతి పక్కకూ వేరే దారం కట్టండి. ఒక్కో పక్కకు వేరే బజరు పెట్టుకుంటే ఏ దిక్కు నుంచి వచ్చిందో పడుకున్నచోటే తెలుస్తుంది.

దారం పాకకు ఆనుకొని ఉండకూడదు, తోట గట్టు మీదే ఉండాలి. ఏనుగు పరుగెత్తితే గంటకు 20 కిలోమీటర్లు దాటుతుంది, మనం దాన్ని మించి ఉరకలేం. మనకు దొరికే ఒక్క నిమిషం దూరంలోనే ఉంది. క్లిప్పు గట్టు మీద ఉన్నా బజరు మాత్రం మన తల దగ్గర పెట్టుకోవాలి.

మంచుకు నైలాన్ కొంచెం సాగుతుంది, రాగి మీద చిలుము పడుతుంది. సగం కోసిన నీళ్ల సీసాను క్లిప్పు మీద బోర్లించండి. వారానికోసారి గరుకు కాగితంతో రాగిని రుద్దండి. రోజూ సాయంత్రం ఒకసారి దారం లాగి చూసుకున్నాకే పడుకోండి.

*చేయకూడనివి*

మెయిన్ లైను కరెంటును కంచెకు ఎప్పుడూ ఇవ్వొద్దు. అది ఏనుగునే కాదు, నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క రైతునూ, మన ఇంటి పిల్లనూ చంపుతుంది. ఏనుగు 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు. పైగా లైనుకు కొక్కెం వేస్తే 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షను కింద కరెంటు దొంగతనం కేసు కూడా అవుతుంది.

ఇనుప తీగ వాడొద్దు. అది ఉచ్చుగా మారుతుంది, పొరపాటున లైను తీగకు తగిలితే ప్రాణం తీస్తుంది.

మనుషులు, బండ్లు తిరిగే దారికి అడ్డంగా దారం కట్టొద్దు. తెల్లగుడ్డ పీలికలు కట్టి, తెల్లవారగానే దారం చుట్టేయండి. తెగిన ముక్కలు ఏరేయండి. మనం మిగిలిన మల్బరీ ఆవులకు వేస్తాం, నైలాన్ ముక్క ఆవు కడుపులోకి పోకూడదు.

ఇంకొకటి మన పట్టు రైతులకే ప్రత్యేకం. ఏనుగుల కోసం మిరపపొడి, పొగాకు కలిపి తాళ్లకు పూసే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. *మల్బరీ తోట దగ్గర పొగాకు వద్దే వద్దు.* పొగాకులోని నికోటిన్ ఆకు మీద పడితే పురుగులు విషం తిన్నట్టే, చేతికొచ్చిన పంట పోతుంది. టపాకాయల పొగ, దోమల చక్రాల పొగ కూడా షెడ్డు దగ్గరికి రానివ్వొద్దు.

*బజరు మోగితే*

బ్యాటరీ లైటు పట్టుకొని తోటలోకి పరుగెత్తొద్దు. రాళ్లు వేయొద్దు. నేల మీది పాకలో ఉంటే చప్పుడు వచ్చిన దిక్కుకు ఎదురు దిక్కున ఉన్న పక్కా ఇంట్లోకి పోండి. ఆ దారి ముందే చూసి పెట్టుకోవాలి. అక్కడి నుంచి అటవీశాఖకు ఫోను చేయండి. ఆ నంబరు షెడ్డు గోడ మీద పెద్దగా రాసిపెట్టుకోండి.

ఆ వెంటనే గ్రూపులో ఒక్క మాట వేయండి: ఏ ఊరు, ఏ గట్టు, ఎటు పోతోంది. తమిళనాడులో వాల్పారై టీ తోటల దగ్గర చేసిందీ ఇదే. ఏనుగులు దగ్గర్లో ఉంటే ఎత్తైన చోట పెట్టిన ఎర్రదీపాలు వెలిగిస్తారు, ఫోన్లకు సందేశాలు పంపుతారు. ఏనుగు ఎక్కడుందో ముందే తెలిసినవాడు దానికి ఎదురుపోడు.

పురుగులకు తెల్లవారి మేత అరగంట ఆలస్యమైతే పంట పోదు. ఏనుగు కదిలిపోయిందని తెలిసేదాకా ఆకు కోతకు ఎవరినీ పంపకండి, ముఖ్యంగా ఆడవాళ్లను ఒంటరిగా పంపకండి. ముందురోజు సాయంత్రమే ఒక మేతకు సరిపడా కొమ్మలు కోసి, తడిగోనె కప్పి నిలవ ఉంచుకుంటే ఆ తొందరే ఉండదు.

మీ ఊళ్లో ఎవరైనా ఈ దారం కట్టి ఉంటే, ఎక్కడ బాగా పనిచేసిందో, ఎక్కడ ఇబ్బంది పెట్టిందో గ్రూపులో చెప్పండి. అడవి అంచున ఉన్న పట్టు రైతులందరికీ ఈ మెసేజీ పంపండి.