చావుల లెక్క తేలేదాకా ఆగాలా?

జాతీయ రహదారి మీద ఒక చోటును బ్లాక్ స్పాట్‌గా గుర్తించడానికి కేంద్ర రవాణా శాఖ పెట్టుకున్న కొలమానం ఇది: అర కిలోమీటరు పరిధిలో మూడేళ్లలో ప్రాణాలు పోయిన లేదా తీవ్రంగా గాయపడిన ప్రమాదాలు 5 జరగాలి, లేదంటే 10 మంది చనిపోవాలి. ఆ లెక్క నిండేదాకా అక్కడ ప్రమాదం పొంచి ఉందని చుట్టుపక్కల ఊళ్లకు తెలిసినా కాగితాలకు తెలియదు. 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్ల మీద ప్రాణాలు కోల్పోయారు. వాళ్లలో పది మందికి నలుగురికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. రోడ్డు వేయకముందే, కనీసం మొదటి ప్రాణం పోకముందే లోపాన్ని పట్టుకునే దారి ఉన్నప్పుడు చావులు లెక్కపెట్టి మేల్కొనడం అన్యాయం. ఆ దారి కంప్యూటర్ సిమ్యులేషన్, అంటే రోడ్డు డిజైన్ మీద వాహనాల రాకపోకలను కంప్యూటర్‌లో నడిపి చూడటం.

ఒక్క ప్రమాదం జరిగే చోట, అంతకుముందు వెంట్రుకవాసిలో తప్పిపోయినవి ఎన్నో ఉంటాయి. వాటిని లెక్కించాలన్న ఆలోచన 1960ల చివర్లో జనరల్ మోటార్స్ పరిశోధకులది. 2008లో అమెరికా ఫెడరల్ హైవే శాఖ ఆ పనిని కంప్యూటర్‌కు అప్పగించింది. డివైడర్ మధ్య వదిలిన ఖాళీలోంచి ఒక బైకు హైవే దాటుతోందనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ సెకనుకు 22 మీటర్లు దూసుకొస్తుంది. బైకు వెనక చక్రం దాటిపోయిన చోటికి లారీ బంపర్ ఒక్క సెకనులో చేరితే, ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఏ స్టేషన్‌లోనూ కేసు ఉండదు. సిమ్యులేషన్ మాత్రం ఆ సెకనును నమోదు చేస్తుంది. ఖాళీని మూసి కాస్త ముందుకు యూటర్న్ ఇస్తే అలాంటివి ఎన్ని తగ్గుతాయో, అండర్‌పాస్ కడితే ఎన్ని తగ్గుతాయో తారు పోయకముందే పోల్చి చూపిస్తుంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ఈ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లలో కొన్నింటికి పునాది, డ్రైవర్లు బండి నడిపే తీరుకు 1974లో జర్మనీలో వీడెమన్ అనే పరిశోధకుడు రూపొందించిన నమూనా. అందులో డ్రైవర్లు గీత దాటరు, ముందు బండిని గుద్దరు. మన దగ్గర ఆటో, ట్రాక్టర్, బస్సు, బైకు ఒకే వరుసలో ఇరుక్కుని పోతాయి. రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్లూ ఉంటారు. విదేశీ అంకెలను ఉన్నవున్నట్టు వాడితే వచ్చే ఫలితం నిజంగానే పనికిరాదు, పైగా లేని భరోసా ఇస్తుంది. అందుకని పరికరాన్నే పక్కన పెట్టనక్కర్లేదు, మన రోడ్లను దానికి నేర్పాలి. జంక్షన్‌లో వీడియో తీసి, మనవాళ్లు ఎంత సందు దొరికితే దూరుతున్నారో కొలిచి ఆ విలువలే నమూనాలో పెట్టాలి. మన ట్రాఫిక్ తీరును కొలిచి కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ 2017లోనే మాన్యువల్ తెచ్చింది కనుక ఇది సాధ్యంకాని పనేమీ కాదు. ఫలానా చోట ఏడాదికి ఎందరు చనిపోతారో సిమ్యులేషన్ చెప్పలేదు. రెండు డిజైన్లలో ఏది మేలో చెబుతుంది, ఇంజినీరుకు కావలసిందీ అదే.

ప్రమాదాలకు అసలు కారణం అతివేగం కదా, డిజైన్‌ను ఎందుకు అనాలని మరికొందరు అడుగుతారు. 2022 మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనే పడ్డాయి, నిజమే. కానీ ఎఫ్ఐఆర్‌లో ఆ మాట రాయగానే విచారణ డ్రైవర్ దగ్గరే ఆగిపోతుంది. ఊరి ముందు సర్వీస్ రోడ్డు ఎందుకు లేదో, పొలానికి వెళ్లే రైతు హైవే ఎక్కక తప్పని పరిస్థితి ఎవరు తెచ్చారో ఎవరూ అడగరు. జరిమానాలు వేయండి, కెమెరాలు పెట్టండి; మనిషి తప్పు చేసినా ప్రాణం దక్కేలా రోడ్డు కట్టే బాధ్యత మాత్రం వాటితో తీరదు.

తెలంగాణలో ఐరాస్తే ప్రాజెక్టు కింద ఆర్టీసీ బస్సుల్లో పరికరాలు అమర్చి, బ్లాక్ స్పాట్లుగా మారబోయే చోట్లను ముందే గుర్తించే ప్రయత్నం మొదలైంది. ఆ చూపు డిజైన్ బల్ల దాకా రావాలి. కొత్త రహదారి సమగ్ర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్) కోసం వాహనాలను ఎలాగూ లెక్కిస్తారు. అదే సమాచారానికి జంక్షన్ల వీడియో జోడించి సిమ్యులేషన్ చేయడానికయ్యే ఖర్చు, కట్టిన ఫ్లైఓవర్‌ను సరిదిద్దే ఖర్చు ముందు లెక్కలోకి రాదు. ప్రతి జంక్షన్ డిజైన్‌కూ ఈ పరీక్షను తప్పనిసరి చేయాలి. ఫలితాలను ఆ దారి పక్క గ్రామ పంచాయతీల ముందు, టెండర్ పిలవకముందే పెట్టాలి.