లై, లే అను క్రియల చిక్కు

జ్వరముతో రెండు దినములు మంచము పట్టిన బాలుడొకడు హెడ్మాస్టరుగారికి ఇంగ్లీషున సెలవుచీటి వ్రాయుచున్నాడనుకొందము. "మంచముపై పరుంటిని" అని చెప్పదలచి "ఐ లైడ్ ఇన్ బెడ్" అని వ్రాసెను. పాపము, వాని జ్వరము నిజమే. కాని యా వాక్యమునకు "మంచముపై అబద్ధమాడితిని" అని యర్థము! తండ్రి దాని క్రింద చేవ్రాలు చేసినచో ఆయనయు నందుకు సాక్షి యగును. మేము దిద్దు కాగితములలో తఱచుగా కనబడు పొరపాట్లలో నిది యొకటి.

ఇంగ్లీషున "లై" అను క్రియలు రెండు కలవు. అబద్ధమాడుట యను నర్థమున భూతకాలము "లైడ్". పరుండుట యను నర్థమున భూతకాలము "లే". "హావ్" చేరినపుడు "లెయిన్". ఇక పెట్టుట, పరచుట యను నర్థములుగల మఱియొక క్రియ వర్తమానముననే "లే". దాని భూతరూపము "లెయిడ్". ఒకదాని భూతరూపమే మఱియొకదాని వర్తమానరూపమగుటయే చిక్కంతకును మూలము. తెలుగున "లే" యన్న లెమ్మని యర్థము గనుక మన పిల్లలకు మఱింత తికమక!

అయినను ఈ భేదము మనకు క్రొత్తది కాదు. దిగు, దించు; పెరుగు, పెంచు; లేచు, లేపు అని మనము నిత్యమును పలుకుచునే యున్నాము. రేవున తాను దిగుటకును బస్తాలు దించుటకును గల భేదము పడవవానికి వ్యాకరణము చదువకయే తెలియును. మొదటిది అకర్మకము, రెండవది సకర్మకము. ఇంగ్లీషున "లై, లే" వలెనే "రైజ్, రెయిజ్", "సిట్, సెట్" అనునవియు నిట్టి జంటలే. పూర్వము ఆ భాషలో ప్రేరణరూపము అచ్చుమార్పుతోను ప్రత్యయముతోను ఏర్పడుచుండెను. కాలక్రమమున ప్రత్యయము రాలిపోయి అచ్చుమార్పు మాత్రము నిలిచెను.

మన ధవళేశ్వరమునే చూడుడు. ఆర్థర్ కాటన్ దొర 1847 మొదలు 1852 వఱకు అచ్చట ఆనకట్ట కట్టించెను. కూలీలు ఏటికడ్డముగా రాళ్లను "లెయిడ్". ఆ రాళ్లు ఏటిలో "లే". ఆనకట్ట నీటిమట్టమును "రెయిజ్డ్". అందుచేతనే నీరు కాలువల కెక్కెను. 1986 ఆగష్టు వఱదలో గోదావరి తనంతట తాను "రోజ్". అచ్చట "రెయిజ్డ్" అని వ్రాసినచో, దేనిని? అని చదువరి యడుగును. ఈ "దేనిని?" యను ప్రశ్ననే పరీక్షలో మీరును వేసికొనుడు. జవాబు దొరికెనా, "లే, లెయిడ్". దొరకలేదా, "లై, లే".

"ఫౌండ్" విషయమున మాత్రము ఈ ప్రశ్న పనికిరాదు. ఏలయన కనుగొనుటయు స్థాపించుటయు రెండును సకర్మకములే. హేయరు దొర 1842లో గుంటూరున మిషనును "ఫౌండెడ్". "ఫౌండ్" అని వ్రాసితిరా, ఎవరో స్థాపించి పోగొట్టుకొనిన మిషను ఆయనకు దారిలో దొరికినట్లగును.