వానల సీమలో ఇంటి పచ్చిక

ఇంటిముందు కొద్దిపాటి ఖాళీస్థలమున్న ప్రతివారికిని అచ్చట పచ్చగడ్డి పెంచవలెనను కోరిక కలుగుట సహజము. అది కేవలము కంటికింపు కొరకే యని కొందరు తలంతురు. కాని గడ్డి చేయు మేలు అంతకంటె పెద్దది. గడ్డి లేని నేలపై పడిన వానచినుకు మట్టిరేణువులను విడగొట్టి కాలువలోనికి ఈడ్చుకొనిపోవును. గడ్డి యున్నచో ఆకులు చినుకు వేగమును అణచును. వేళ్ళు మంటిని పట్టియుంచును. నీరు మెల్లగా భూమిలోనికి దిగును. పిల్లలు పరుగులిడి పడినను మోకాళ్ళు అంతగా చెక్కుకొనవు.

బరంపురములో మా యింటి ముంగిట ఒక పెద్ద మామిడిచెట్టు ఉండెడిది. 2013వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ రాత్రి గోపాల్‌పూర్ చెంత తీరము దాటిన ఫైలిన్ తుపానులో అది కూలినది. నీడ పోయినది, ఎండ వచ్చినది. మరుసటి యేటి వానలకు ముంగిటి మన్ను కొట్టుకొనిపోయి ప్రహరీగోడ పునాదిరాళ్ళు బయటపడినవి. అప్పుడు పచ్చిక వేయ నిశ్చయించితిమి. ఆషాఢములో నాలుగు బండ్ల మన్ను కొని, పరపించి, దానిపై గడ్డి నాటించితిమి. శ్రావణము గడచునప్పటికి నడుమ నీరు నిలిచి గడ్డి పసుపువారినది. తక్కినచోట్ల తుంగ మొలచినది. కొన్న మంటితోనే తుంగగడ్డలును వచ్చినవని ఆలస్యముగా తెలిసికొంటిమి. పోయిన ధనముకంటె, పిల్లలు ఆ బురదలో అడుగిడలేక మోటారుబండ్లు తిరుగు వీథిలో ఆడుకొనుటయే మమ్మెక్కువగా బాధించినది.

ఈ యపజయము మాకు నేర్పిన పాఠ మొక్కటే. వేడియు వానయు కలసిన సీమలో పచ్చికకు పెద్ద శత్రువు నీటి కొరత కాదు, నీరు నిలుచుట. వేళ్ళకును గాలి కావలయును. మట్టిరేణువుల నడుమనున్న సందులు నీటితో నిండిపోయినచో గాలి యాడక వేళ్ళు కుళ్ళును. కావున గడ్డిని గూర్చి యోచించుటకు ముందు నేలను గూర్చి యోచింపవలెను.

నేలను సిద్ధపరచుట

ఈ పని వేసవిలోనే మొదలుపెట్టవలెను. అడుగు లోతు గుంట త్రవ్వి నీటితో నింపి, అది ఇంకిన పిదప మరల నింపుడు. రెండవమారు పోసిన నీరు మరునాటికిని నిలిచియున్నచో అది జిగటనేల యని గ్రహింపవలెను. జిగటమంటిలో రెండు తట్టల యిసుక కలిపిన లాభములేదు. అది మరింత గట్టిపడును. బాగుగా చివికిన పశువుల యెరువును ఒకటి రెండంగుళముల మందమున పరచి, జానెడు లోతు వరకు కలియద్రవ్వుటయే మేలు.

తరువాత వాలు. ఇంటిగోడనుండి బయటి కాలువవైపునకు మీటరునకు ఒకటి రెండు సెంటీమీటర్ల చొప్పున నేల దిగవలెను. అనగా పది మీటర్ల ముంగిటికి పది మొదలు ఇరువది సెంటీమీటర్ల తేడా. కంటికి నేల చదునుగానే కనబడును గాని నీరు నిలువదు. తాపీపనివారి సాయముతో దీనిని సులభముగా కొలువవచ్చును. మన నీరు పొరుగువారి గోడలోనికి పోకుండ చూచుట మన ధర్మము.

మూడవది తుంగ. దాని కాడను వ్రేళ్ళనడుమ త్రిప్పినచో మూడు పలకలుగా తగులును. దాని గడ్డలు భూమిలో గొలుసువలె అల్లుకొనియుండును. పైభాగము పీకినంత మాత్రమున అది చావదు. లోని గడ్డ మరల మొలకెత్తును. నేలను త్రవ్వి గడ్డలను ఏరి, మిగిలినవానిని మండుటెండకు ఎండనీయవలెను. పిదప నేలను తడిపి, మొలచినవానిని గడ్డతో సహా తీసివేయవలెను. ఇట్లు రెండు మూడు మారులు చేసినగాని నాటరాదు. మేము మొదట విడిచిన పని యిదియే.

గడ్డి యెంపిక

వినాయకచవితికి మనము పూజలో వాడు గరికయే మన యెండకును వానకును తగిన గడ్డి. శాస్త్రజ్ఞులు దీనిని సైనోడాన్ డాక్టిలాన్ అందురు. ఇది నేలపై ప్రాకు తీగలతోను, నేలలోపల సాగు కాండములతోను వ్యాపించును. కావున త్రొక్కుడు పడిన చోటును త్వరలోనే కప్పుకొనును. కాని దీనికి దినమునకు ఆరుగంటలైనను ఎండ కావలయును. కొంచెము నీడగల చోట వెడల్పాకుల గడ్డి మేలు. నర్సరీలలో బఫెలో గడ్డి, కార్పెట్ గడ్డి అను పేర్లతో దీనిని అమ్ముదురు. మెక్సికన్ గడ్డి చూపునకు ఎంతో అందమైనది గాని మెల్లగా వ్యాపించును. ఈలోపల కలుపు పెరుగును. దట్టమైన చెట్టు నీడలో ఏ గడ్డియు సరిగా పెరుగదు. అచ్చట రాలిన ఆకులనే నేలకు కప్పుగా నుంచుట వివేకము.

నాటుట

మావైపున తొలకరి పడిన పిదప నాటుట మంచిది. చెన్నై ప్రాంతమున పెద్దవానలు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియును గాన, ఆగస్టు చిరుజల్లులలో నాటి, పెద్దవానలకు ముందే వేళ్ళూననీయవలెను. రెండు మూడు కణుపులుగల గరిక తీగలను నాలుగు వ్రేళ్ళ యెడమున నాటి, మన్ను నొక్కవలెను. వాన లేనిచో మొదటి రెండు వారములు దినమును కొంచెము నీరు చల్లుడు. సుమారు రెండు నెలలలో నేల కప్పుకొనును. అంతవరకు పిల్లలను ఓపిక పట్టుమని బ్రతిమాలక తప్పదు.

కోత, ఎరువు, నీరు

గడ్డికి ఆకే వంటయిల్లు. ఒక్కమారున ఆకు యెత్తులో మూడవవంతుకంటె ఎక్కువ కోసినచో వేళ్ళు నీరసించును. గరికను మూడు నాలుగు సెంటీమీటర్ల యెత్తున ఉంచుట మంచిది. వానకాలమున అది వేగముగా పెరుగును గాన వారమున కొకమారు కోయవలసివచ్చును. తడిగడ్డిని కోయరాదు, యంత్రమునకు చుట్టుకొనును, మెత్తని నేల గుంటలుపడును. విద్యుద్యంత్రముతో కోయునప్పుడు పిల్లలను దూరముగా ఉంచుడు. చిన్నచిన్న కోతతుంపులను అచ్చటనే విడిచినచో అవియే యెరువగును.

యూరియాను చదరపు మీటరునకు పది గ్రాములు మించకుండ, ఆకు పొడిగా ఉన్నప్పుడు చల్లి, వెంటనే నీరు పెట్టవలెను. మబ్బు పట్టి పెద్దవాన రానున్నప్పుడు చల్లుట ధనమును కాలువలో పారవేయుటయే. వానలు లేని దినములలో నీరు ఉదయముననే పెట్టుడు. సాయంకాలము పెట్టినచో ఆకు రాత్రియంతయు తడిగానుండి బూజుతెగుళ్ళు వచ్చును. గుండ్రని గోధుమరంగు మచ్చలు కనబడినచో యూరియాను ఆపి, నీటిని తగ్గింపవలెను. వారముదాటి నీరు నిలిచిన గుంట దోమలకు పుట్టినిల్లు. దానిని వెంటనే పూడ్చుడు.

మరుసటి వేసవిలో మేము నేలను మరల త్రవ్వి, పైక్రమమునే అనుసరించితిమి. గోడ పునాది ఇప్పుడు కనబడదు. ఉత్తరపు మూల నీడలో మాత్రము గరిక నిలువలేదు. అచ్చట కుండీలు పెట్టితిమి. ఆదివారముదయమున పిల్లలే తుంగమొలకలను వెదకి గడ్డతో సహా పెకలింతురు; సాయంకాలము అచ్చటనే ఆడుకొందురు.

పెద్ద ముంగిలి లేదని ఎవరును వెనుదీయ నక్కరలేదు. పదడుగుల చదరమైనను ఇద్దరు పిల్లలు కూర్చుండి ఆడుకొనుటకు చాలును. ఈ వ్యాసము చదివిన తల్లిదండ్రులు గడ్డి కొనుటకు త్వరపడక, వచ్చు వేసవిలో ఒక గుంట త్రవ్వి, నీరు పోసి, మరునాటి యుదయమున చూడవలెనని కోరుచున్నాము. తక్కిన పని యెంతయో ఆ గుంటయే చెప్పును.