ఆకాశంలో అడంగల్

బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

దసరా సెలవులకు ఊరు వెళ్లాను. పొద్దున పదకొండు గంటలవుతోంది. మా నానమ్మ టీవీలో పాత సినిమా చూస్తోంది. ఉన్నట్టుండి బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయింది, మాట ముక్కలయింది, ఆపైన తెర నల్లబడి "సిగ్నల్ లేదు" అన్న అక్షరాలు మాత్రం మిగిలాయి. బయట మబ్బు తునక లేదు. "కాలేజీలో సైన్సే గదా చదివేది, ఇదేందో చూడరా" అంది నానమ్మ. నేను లేచేలోపే పక్కింటి బాబాయి తన మిద్దె ఎక్కి డిష్షును అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టాడు. పది నిమిషాలకు కాస్త తక్కువలో మా బొమ్మ దానంతటదే వచ్చింది. ఆయన బొమ్మ మాత్రం సాయంత్రం మెకానిక్కు వచ్చేదాకా రాలేదు.

ఇది ఏటా రెండుసార్లు జరిగేదే. మార్చిలోనూ, మళ్లీ సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లోనూ కొద్దిరోజులపాటు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనకనుంచి నడిచిపోతాడు. సూర్యుడు వెలుతురుతోపాటు రేడియో తరంగాలనూ వెదజల్లుతాడు గనుక ఆ కాసేపూ ఆ రొదలో ఉపగ్రహం మాట మునిగిపోతుంది. డిష్షును కదపకుండా ఊరుకుంటే చాలు. బాబాయికి ఈ ముక్క చెప్పేసరికే ఆలస్యమయింది.

నేను ఊరుకోలేదు, మర్నాడు గడియారం పట్టుకు కూర్చున్నాను. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. అంటే సూర్యుడు ఆకాశంలో ఒక డిగ్రీ జరగడానికి 4 నిమిషాలు. బొమ్మ పోయిన కాలాన్ని నాలుగుతో భాగిస్తే సుమారు రెండున్నర డిగ్రీలు వచ్చింది. మా డిష్షు అడ్డకొలత 60 సెంటీమీటర్లు, అందుకునే తరంగం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. డిష్షు చూపు వెడల్పుకు పుస్తకంలో ఉన్న సూత్రంతో లెక్కవేస్తే మూడు డిగ్రీలకు కాస్త తక్కువ వచ్చింది. నానమ్మ సినిమా ఆగిన కాలమూ, పుస్తకంలో సూత్రమూ దాదాపు సరిపోయాయి. ఈ మూడేళ్లలో నేను చేసిన ప్రయోగాల్లో ఇంత చవకైనది మరొకటి లేదు.

ఆ మూడు డిగ్రీల కిటికీ దగ్గరే అసలు కథ మొదలవుతుంది. సూర్యుడికి ఎవరూ నోటీసు ఇవ్వలేరు. కాని అదే కిటికీలోకి ఇంకో దేశంవారి ఉపగ్రహం వచ్చి, అదే పౌనఃపున్యంలో మాట్లాడితే? అప్పుడు పోయేది ఏడాదికి రెండు వారాలు, రోజుకు పది నిమిషాలు కాదు, ఇరవైనాలుగ్గంటలూ పోతుంది. అలా ఎందుకు జరగడం లేదో తెలుసుకోవాలని సెలవులయ్యాక లైబ్రరీలో కూర్చుని చదివాను. చదివినకొద్దీ మా ఊరి కాలువ గుర్తొచ్చింది.

టీవీ ఉపగ్రహాలుండే భూస్థిర కక్ష్య భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంది. అక్కడున్న ఉపగ్రహం భూమితోపాటే తిరుగుతుంది గనుక మనకు కదలనట్టు కనిపిస్తుంది. ఈ వలయం చుట్టుకొలత రెండు లక్షల అరవై అయిదు వేల కిలోమీటర్లు. ఒక్కొక్క డిగ్రీకి 736 కిలోమీటర్ల దూరం వస్తుంది. కాబట్టి ఉపగ్రహాలకు చోటు కరువేమీ లేదు, ఒకదానికొకటి గుద్దుకుంటాయన్నదీ పెద్ద భయం కాదు. కరువు మాటకు. అంత దూరం నుంచి వచ్చి మా డిష్షులో పడే శక్తి ఎంతంటే, ఒక వాటును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒకటి రెండు భాగాలు. అంత సన్నని మాట పక్కన ఎవరు గొంతెత్తినా వినపడదు. తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర మన జీశాట్-15 ఉంది, 95 డిగ్రీల దగ్గర ఒక విదేశీ కంపెనీవారి ఎస్.ఇ.ఎస్-8 ఉంది. రెండూ మన దేశంలోని ఇళ్లకు టీవీ అందించేవే. మధ్య ఎడం ఒకటిన్నర డిగ్రీ, అంటే వెయ్యి కిలోమీటర్లు పైనే. నేలమీద అయితే విశాఖపట్నం నుంచి తిరుపతి దాటిపోయే దూరం, మా డిష్షు చూపులో మాత్రం రెండూ ఒకే కిటికీలో ఉన్నట్టు. ఒకే పౌనఃపున్యాన్ని, ఒకే ధ్రువణంతో, ఒకే ప్రాంతంమీద ఇద్దరూ వాడితే డిష్షు ఇద్దరి మాటా కలిపి వింటుంది. కనుక ఎవరు ఏ పౌనఃపున్యంలో, ఎంత గట్టిగా, ఏ దిక్కుకు మాట్లాడాలో ఎగరేయకముందే తేల్చుకోవాలి.

తేల్చే చోటు జెనీవాలో ఉంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1865లో పారిస్‌లో తంతి తీగల కోసం పుట్టిన సంస్థ, ఇప్పుడు ఐక్యరాజ్యసమితి కుటుంబంలోది. ఏ పౌనఃపున్యం ఎవరు వాడుతున్నారో రాసిపెట్టే మాస్టర్ రిజిస్టరును 1947లో అట్లాంటిక్ సిటీ సభ ఏర్పరచింది. అప్పటికి ఉపగ్రహమే లేదు. 1963లో అంతరిక్ష సేవలకు పౌనఃపున్యాలు కేటాయించారు, 1971లో ఉపగ్రహాలవాళ్లు ఒకరితో ఒకరు ఎలా సంప్రదించుకోవాలో విధివిధానాలు విస్తరించారు.

ఈ రిజిస్టరును మా నాన్నకు వివరించబోయి నేనే ఒక సంగతి గ్రహించాను. ఇది పట్టా కాదు, అడంగల్. అడంగల్లో ఫలానా సర్వే నంబరును ఫలానావారు సాగుచేస్తున్నారని ఉంటుంది. ఈ రిజిస్టరూ అంతే. ఆకాశంలో ఏ చోటూ ఎవరి సొత్తూ కాదు, వాడుకునే హక్కు మాత్రం రాస్తారు. కంపెనీ నేరుగా వెళ్లి రాయించుకోలేదు, ప్రభుత్వమే పంపాలి. మన దేశంలో ఆ పని టెలికాం శాఖలో డబ్ల్యు.పి.సి. విభాగానిది. కాగితం అందాక దాన్ని జెనీవాలో పరిశీలించి అన్ని దేశాలకూ ప్రచురిస్తారు. అభ్యంతరమున్నవారు నాలుగు నెలల్లో చెప్పాలి. కొత్త ఉపగ్రహంవల్ల పాతదాని రిసీవరులో రొద 6 శాతానికి మించి పెరుగుతుందని లెక్క తేలితే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవలసిందే. శక్తి తగ్గించుకుంటారో, పౌనఃపున్యాలు పంచుకుంటారో, చూపు దిక్కు మార్చుకుంటారో వారి ఇష్టం. రాజీ కుదరకపోయినా పట్టుపట్టి రాయించుకునే దారి ఒకటుంది. కాని అలా వచ్చినవాడు ముందున్నవాడికి అంతరాయం కలిగించకూడదు. కలిగిస్తే తానే ఆపుకోవాలి.

గడువు ఏడేళ్లు. ఈలోగా ఉపగ్రహం ఆ చోటికి చేరి, 90 రోజులు వరసగా అక్కడుండాలి. లేకుంటే రాత కొట్టేస్తారు. ఈ 90 రోజుల నిబంధన 2012 సభలో వచ్చింది. ఇదివరకు కొద్దిరోజులు ఏదో ఒక ఉపగ్రహాన్ని అక్కడ నిలబెట్టి, సాగు చూపించి, మళ్లీ ఇంకోచోటికి తోలుకుపోయేవాళ్లు ఉండేవారు. గడువు ఎంత బిగువో చైనా అనుభవం చెబుతుంది. ఆ దేశం బైదూ దిక్సూచి ఉపగ్రహాల కోసం 2000 ఏప్రిల్‌లో రాయించుకున్న పౌనఃపున్యాలకు 2007 ఏప్రిల్‌తో గడువు తీరుతుంది. 14వ తేదీన ఉపగ్రహాన్ని ఎగరేసి, 17వ తేదీన గడువుకు కొన్ని గంటల ముందు దాని సంకేతం అందుకున్నారు. చివరిరోజు పరీక్ష ఫీజు కట్టే మనకు ఆ కంగారు బాగా తెలుసు.

నాన్న అంతా విని ఒకటే అడిగాడు. "అయితే ముందు రాయించుకున్నోడిదేనా?"

మాది కాలువ చివరి భూమి. వంతు ప్రకారం మాకు నీళ్లు రావలసిన రోజు ఒకటుంటుంది. పైన తూములవాళ్లు ఇంజన్లు పెట్టి తోడుకోగా మిగిలినవి మా వంతు. నాట్ల రోజుల్లో నాన్న లాంతరు పట్టుకుని రాత్రుళ్లు కాలువగట్టున పడుకున్న సంవత్సరాలున్నాయి. ఒక ఏడు కళ్లముందే నారు ఎండిపోయింది. కాలువమీద మొదలూ చివరా స్థలాన్నిబట్టి వస్తుంది. ఆకాశంలో తేదీనిబట్టి వస్తుంది, అంతే తేడా. ఉపగ్రహాలు చేయగల దేశాలు ముందే వచ్చి మంచి చోట్లు రాయించుకుంటే, అప్పుడప్పుడే లేస్తున్న దేశాలు శివారు ఆయకట్టు అయిపోతాయి.

నాన్న అడిగిన ప్రశ్న ఆ రోజుల్లో సభల్లోనూ లేచింది. 1973 ఒడంబడికలో పౌనఃపున్యాలూ, భూస్థిర కక్ష్యా పరిమితమైన సహజ వనరులని రాసుకున్నారు. 1976లో కొలంబియా, ఇండోనేషియా, కెన్యా వంటి భూమధ్యరేఖ దేశాలు కొన్ని బొగోటాలో చేరి, మా నెత్తిన ఉన్న కక్ష్య మాదే పొమ్మన్నాయి. మిగతా ప్రపంచం ఒప్పుకోలేదు. నా మట్టుకు నాకు ఆ వాదన సరిగా తోచదు, కాలువ మన చేలోనుంచి పోతున్నంత మాత్రాన నీళ్లన్నీ మనవి కావు గదా. మన దేశంతో సహా వర్ధమాన దేశాలు వేరే మాట అడిగాయి: అందరికీ కొంత వాటా ముందే పక్కన పెట్టండి అని. 1985, 1988 సభలలో అది కొంతవరకు నెరవేరింది. కొన్ని పౌనఃపున్యాల పట్టీల్లో ప్రతి దేశానికీ కక్ష్యలో కనీసం ఒక చోటు, ఉపగ్రహం ఉన్నా లేకున్నా కేటాయించారు. మిగిలిన పట్టీలన్నిటిలో ముందొచ్చినవాడిదే వరస.

సొంత రాత ఎందుకు ముఖ్యమో మనకూ అనుభవమే. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించారు, ఆంధ్రప్రదేశ్ పల్లెలూ అందులో ఉన్నాయి. ఏడాది కాగానే వారి ఉపగ్రహాన్ని వారు తీసుకుపోయారు, పల్లెల్లో పెట్టెలు మూగపోయాయి. మన ఇన్‌శాట్-1ఏ 1982లో ఎగిరి ఆ సంవత్సరమే చెడిపోయింది. 1983లో 1బి నిలబడింది.

వరస పద్ధతిలో తమాషాలూ ఉన్నాయి. పసిఫిక్ సముద్రంలో టోంగా అనే దీవుల దేశం, జనాభా లక్ష. సొంత ఉపగ్రహం లేదు. 1980ల చివర ఆ దేశం పదహారు చోట్లకు కాగితాలు పెట్టింది. పెద్ద సంస్థలు గగ్గోలు పెట్టాక ఆరింటితో సరిపెట్టుకుని, వాటిని అద్దెకిచ్చే వ్యాపారం పెట్టింది. దాన్ని అందరూ తిట్టారు. నాకైతే నవ్వొచ్చింది. సొంత ఉపగ్రహాల్లేకుండా కాగితాలతో వరసలో నిలబడ్డవాళ్లు పెద్ద దేశాల్లోనూ ఉన్నారు. వాటికి కాగితం ఉపగ్రహాలనే పేరు కూడా స్థిరపడింది.

రాతలన్నీ సరిగా ఉన్నా మొరాయించే యంత్రానికి రాత తెలియదు. 2010 ఏప్రిల్ 5న ఇంటెల్‌శాట్ సంస్థవారి గేలక్సీ-15 ఉపగ్రహం భూమినుంచి పంపే ఆజ్ఞలు వినడం మానేసింది. నోరు మాత్రం మూయలేదు. పశ్చిమ రేఖాంశం 133 డిగ్రీల దగ్గర ఉండవలసింది, కట్టు తెంచుకున్న ఎద్దులా తూర్పుకు జరగడం మొదలుపెట్టింది. తన పౌనఃపున్యంలో కిందనుంచి ఏది వచ్చినా పెద్దదిచేసి తిరిగి పంపడం దాని పని. పంపింది యజమానా, పక్కవాడా అన్న విచక్షణ దానికి లేదు. దారిలో 131 డిగ్రీల దగ్గర, అవే పౌనఃపున్యాలలో అమెరికా కేబుల్ టీవీ చానళ్లను మోస్తున్న ఏఎంసీ-11 ఉంది. అది ఇంటెల్‌శాట్‌కు పోటీ సంస్థది. అయినా రెండు సంస్థలవాళ్లూ కూర్చుని లెక్కలు వేసుకున్నారు. ఎద్దు వస్తున్నకొద్దీ ఏఎంసీ-11ను దానికి ఎడంగా జరిపారు. కిందనుంచి పంపే సంకేతాన్ని పెద్ద యాంటెనాతో, సన్నని కిరణంగా ఏఎంసీ-11కే గురిపెట్టారు. యాంటెనా ఎంత పెద్దదయితే చూపు అంత సన్నన, మా మిద్దెమీది సూత్రమే. ఇళ్లలో టీవీ చూసేవాళ్లకు ఏమీ తెలియలేదు. డిసెంబరులో గేలక్సీ-15 భూమివైపు చూపు తప్పి, బ్యాటరీలు ఖాళీ అయ్యి, మళ్లీ ఎండ తగిలి లేచినప్పుడు బుద్ధిగా ఆజ్ఞలు వినసాగింది.

అక్కడ ఇద్దరికీ సర్దుకోవాలని ఉంది గనుక సర్దుకున్నారు. కావాలని చేసేవాడిని ఏం చెయ్యాలి? జెనీవాలో లస్కరు ఉన్నాడుగాని చేతిలో కర్ర లేదు. జరిమానా వెయ్యలేరు, ఎవరి యాంటెనానూ పీకలేరు. ఉక్రెయిన్, ఫ్రాన్స్, స్వీడన్, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ దేశాలు తమ ఉపగ్రహాలకు రష్యానుంచి అంతరాయం వస్తోందని ఫిర్యాదు చేస్తే, 2024లో రేడియో నిబంధనల బోర్డు అది ఆమోదయోగ్యం కాదని, వెంటనే ఆపాలని చెప్పింది. చెప్పడమే దానికున్న బలం. అయినా చాలామంది మాట వింటారు, తమ ఉపగ్రహం మాటకూ రేపు ఎవరో ఒకరు దారి ఇవ్వాలి గనుక.

ఇప్పుడు గొడవంతా కింది కక్ష్యలకు దిగింది. అక్కడ ఉపగ్రహాలు వేలల్లో తిరుగుతున్నాయి. భూస్థిర కక్ష్యవారికి ఇవి అడ్డు రాకూడదని నిబంధన. ఇదివరకు ఒక్క ఉపగ్రహం పైకి పంపి మొత్తం గుంపంతా వాడుకలోకి వచ్చినట్టు చూపించుకోవచ్చు, ఒక మడిలో నాటి నూరెకరాలు నాటానన్నట్టు. 2019 సభ దీన్ని బిగించింది. ఏడేళ్ల గడువు తీరాక రెండేళ్లలో 10 శాతం, అయిదేళ్లలో సగం, ఏడేళ్లలో మొత్తం ఎగరేయాలి, లేకుంటే రాసుకున్న సంఖ్యకు కోత పడుతుంది. అయినా 2021లో రువాండా దేశం మూడు లక్షల పైచిలుకు ఉపగ్రహాలకు కాగితం పెట్టింది. ఈ సభలు మూడు నాలుగేళ్లకోసారి జరుగుతాయి. కిందటిది 2023లో దుబాయిలో జరిగింది, తర్వాతిది 2027లో.

ఈ సంచిక మీ చేతికి వచ్చాక మొదటి మార్చి రెండో వారంలో, జీశాట్-15 వైపు తిప్పిన డిష్షులున్న మా వైపు ఇళ్లలో పదకొండుంబావు ప్రాంతంలో బొమ్మ మళ్లీ పోతుంది. ఇంటికి ఫోను చేసి ఎవరినీ మిద్దె ఎక్కవద్దని చెప్పండి. 60 సెంటీమీటర్ల డిష్షు అంచు కొద్దిగా జరిగితే చాలు, చూపు మూడు డిగ్రీలు తప్పుతుంది. మా బాబాయి ఈసారికి డిష్షు కాలును తాడుతో కట్టేశాడు.