తలకు కరెంటు పెడతారా?

తరగతిలో పాఠం వింటున్న పాప ఉన్నట్టుండి శూన్యంలోకి చూస్తూ ఉండిపోతుంది. పిలిస్తే పలకదు. కొద్ది సెకన్లకే మళ్లీ మామూలే. టీచర్‌ చెబితే ఇంట్లో ‘పరధ్యానం’ అని మందలిస్తారు. కానీ ఇలా రోజులో పలుమార్లు జరుగుతుంటే అది ఒకరకం మూర్ఛ కావొచ్చు. కింద పడటం, కొట్టుకోవటం ఉండవు కాబట్టి పోల్చుకోవటం కష్టం. దీన్ని పట్టుకోవటానికి తోడ్పడేదే ఈఈజీ. అయితే డాక్టర్‌ ఆ పేరు చెప్పగానే ‘తలకు కరెంటు పెడతారట’ అని భయపడేవారు ఎందరో. నిజానికి బయటి నుంచి కరెంటేమీ పంపరు. మెదడులో పుట్టే విద్యుత్తునే నమోదు చేస్తారు. నొప్పీ ఉండదు.

ఎలా తెలుస్తుంది?

నాడీకణాలు విద్యుత్‌ సంకేతాలతో పనిచేస్తాయి. ఒక్క కణం సంకేతం పుర్రె దాటి బయటకు తెలియదు. లక్షలాది కణాలు ఒకేసారి స్పందిస్తేనే మాడు వరకు చేరుతుంది. అదీ వోల్టులో పది లక్షల వంతుల్లోనే. అందుకే యంత్రం దాన్ని వేల రెట్లు పెంచి గీతలుగా చూపిస్తుంది. జర్మనీ మానసిక వైద్యుడు హాన్స్‌ బెర్గర్‌ 1924లో తొలిసారి మనిషి తల మీది నుంచి వీటిని నమోదు చేశారు. 1929లో ఆ వివరాలు ప్రచురించారు.

పరీక్షలో ముందు టేపుతో తల కొలుస్తారు. ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక బొడిపె వరకు, చెవి నుంచి చెవి వరకు. ఆ కొలతలో 10, 20 శాతం దూరాల్లో పేస్టుతో చిన్న బిళ్లలు అతికిస్తారు. మామూలుగా 21 బిళ్లలు సరిపోతాయి. కళ్లు మూసుకుని తీరిగ్గా ఉంటే తల వెనక భాగంలో సెకనుకు 8 నుంచి 13 అలలు కనిపిస్తాయి. కళ్లు తెరిస్తే తగ్గిపోతాయి. తర్వాత మూడు నిమిషాల పాటు గట్టిగా ఊపిరి తీసి వదలమంటారు. మిణుకుమిణుకుమనే లైటు చూపిస్తారు. పైన చెప్పిన పాపలాంటి పిల్లల్లో గట్టిగా ఊపిరి తీసేటప్పుడే సమస్య బయటపడొచ్చు. అప్పుడు సెకనుకు సుమారు మూడు చొప్పున మొనదేలిన అలలు కనిపిస్తాయి.

వెళ్లేముందు..

* ముందురోజు తలస్నానం చేయించండి. నూనె, జెల్‌ రాయొద్దు. జడ విప్పి, పిన్నులు తీసి తీసుకెళ్లండి.
* డాక్టర్‌ చెబితే తప్ప ఫిట్స్‌ మాత్రలు ఆపొద్దు.
* ఆకలితో తీసుకెళ్లొద్దు. ఎప్పటిలాగే తినిపించండి.
* రాత్రి తక్కువ నిద్రపోవాలని చెబితే తప్పక పాటించండి. నిద్రలోనే కనిపించే మార్పులుంటాయి.

నార్మల్‌ అని వస్తే?

ఇక్కడే చాలామంది పొరపడతారు. ఈఈజీ ఆ కాసేపటి మెదడు తీరునే చూపిస్తుంది. మూర్ఛ ఉన్నవారికీ మొదటి పరీక్ష నార్మల్‌గా రావొచ్చు. అలాగే ఎన్నడూ ఫిట్స్‌ రాని కొందరు పిల్లల్లోనూ తేడాలు కనిపించొచ్చు. కాబట్టి రిపోర్టు చూసుకుని సొంతంగా మందులు ఆపటం, భయపడి మొదలుపెట్టటం రెండూ తప్పే. జరిగింది కళ్లారా చూసినవారి మాటే డాక్టర్‌కు కీలకం. వీలైతే అప్పుడు ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. రిపోర్టులో దొరకనిది అందులో దొరకొచ్చు.