వైద్య విద్యార్థికి కావలసింది జ్ఞాపకశక్తి లేహ్యమేనా?

పరీక్షలు సమీపించే రోజులలో మా వైద్యశాలకు వచ్చే తల్లిదండ్రులు తరచుగా అడిగే ఔషధం సరస్వతీ లేహ్యం. ఇటీవల ఒక తండ్రి, "మావాడు ఎం.బి.బి.ఎస్. మొదటి సంవత్సరమండీ. చదివినది నిలవడం లేదట. మంచి లేహ్యం ఇప్పించండి" అన్నారు. రోగిని చూడకుండా మందివ్వడం మా గురువుగారు నేర్పలేదు. పిల్లవాణ్ణి తీసుకురమ్మన్నాను.

నాడి పట్టకముందే సగం బోధపడింది. గుంటలు పడిన కళ్ళు, పూత పట్టిన నాలుక, మందగించిన ఆకలి, మలబద్ధకం. రాత్రి మూడింటి వరకు చదువు, ఉదయం ఎనిమిదింటికి తరగతి. ఇంటర్మీడియట్ వరకు అన్నింటా ముందున్నవాడు, అనాటమీ పరీక్షలో జీవితంలో మొదటిసారి తప్పాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. తండ్రిని బయట కూర్చోబెట్టి అడిగితే, కొంతసేపటికి, "పడుకున్నవాణ్ణి మళ్ళీ లేవకుండా ఉంటే బాగుండునని ఉంటుంది తాతగారూ" అన్నాడు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం 2024లో నివేదిక సమర్పించింది. దాని సర్వేలో పాల్గొన్న ఎం.బి.బి.ఎస్. విద్యార్థులలో నూటికి దాదాపు 28 మంది తమకు మానసిక రుగ్మత ఉన్నదనీ, 16 మంది ఆత్మహత్యాలోచనలు కలిగాయనీ తెలిపారు. పి.జి. విద్యార్థులలో ఈ రెండవ సంఖ్య 31. రెసిడెంట్ల పని వారానికి 74 గంటలు మించరాదని ఆ దళం సూచించింది. 74 గంటలు కూడా నాకు తక్కువగా తోచలేదు.

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం శరీరాన్ని నిలిపే మూడు ఉపస్తంభాలని చరకాచార్యుల మతం. సుఖదుఃఖాలు, బలాబలాలే కాక జ్ఞానాజ్ఞానాలు కూడా నిద్రాధీనాలేనని సూత్రస్థానం చెబుతుంది. శిష్యుడు రాత్రివేళ కూడా అధ్యయనం చేయాలని విమానస్థానంలో ఉన్నమాట నిజమే. నిద్ర మానమని మాత్రం లేదు. నిద్ర చెడితే వాతం ప్రకోపిస్తుంది, ధీ ధృతి స్మృతులు సడలుతాయి. అటువంటి స్థితిలో లేహ్యమివ్వడం చిల్లికుండలో నీరు పోయడమే.

గురుకులంలో మాకూ భయముండేది. పాఠం అప్పగించలేని నాడు గురువుగారి కోపం సామాన్యమైనది కాదు. కాని విస్తరిలో అన్నం మిగిలితే గురుపత్ని కారణమడిగేవారు. నేటి హాస్టల్లో అడిగేవారేరి?

నిద్ర సరిగా పట్టని విద్యార్థులు సాయంకాలం తరువాత కాఫీ, టీ మానాలి. పడుకునే ముందు గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్ళు మర్దించుకోవాలి. నిద్ర కలిగించే పదార్థాలలో గేదెపాలు శ్రేష్ఠమని చరకం. అరుగుదల ఉన్నవారు ఒక గ్లాసు వెచ్చగా తాగవచ్చు. సర్పగంధ మాత్రలను మాత్రం స్వయంగా కొని వాడరాదు. అవి రక్తపోటును తగ్గిస్తాయి, మనోవిషాదాన్ని పెంచే ప్రమాదమున్నది.

అయితే చావు తలపు వచ్చిన రోగికి ఈ గృహవైద్యం చాలదు. ఆ అబ్బాయి అంగీకారంతోనే తండ్రిని లోపలికి పిలిచి విషయం చెప్పాను. ఒంటరిగా వదలవద్దన్నాను. ఆ రోజే మానసిక వైద్యునివద్దకు పంపాను. అటువంటి వైద్యుడు దగ్గరలో లేనివారు ప్రభుత్వ టెలిమానస్ 14416 నంబరుకు రాత్రింబగళ్ళు ఉచితంగా ఫోను చేయవచ్చు.

నెల తరువాత తండ్రీకొడుకులు మళ్ళీ వచ్చారు. అబ్బాయి మానసిక వైద్యుడిచ్చిన మాత్రలు వాడుతున్నాడు. అరికాళ్ళకు నూనె తల్లి రాస్తున్నదట. అనాటమీ పరీక్ష ఇంకా రాయవలసే ఉంది. "ఏడింటిదాకా లేవడం లేదండీ" అని తండ్రి ఫిర్యాదు చేశారు. లేవనివ్వండి, లేపకండి అన్నాను. లేహ్యం సంగతి ఈసారి ఆయన ఎత్తలేదు.