పాత చేతక్‌కు కొత్త ఊపిరి: కారణం తెలిశాకే మరమ్మతు

మన దేశపు మధ్యతరగతి కుటుంబ జీవనంలో స్కూటరుకు గల స్థానం చిన్నది కాదు. ముందు నిలబడిన పిల్లవాడు, వెనుక ఒక పక్కకు కూర్చున్న గృహిణి, ఆమె ఒడిలో పసిపాప, హుక్కుకు తగిలించిన కూరగాయల సంచి - ఈ దృశ్యం ఒక తరానికి సుపరిచితం. బజాజ్ సంస్థ తొలుత ఇటలీకి చెందిన పియాజియో లైసెన్సుతో వెస్పా స్కూటర్లను తయారు చేసి, ఆ ఒప్పందం ముగిసిన పిమ్మట 1972లో రాణా ప్రతాపుని అశ్వం పేరిట 'చేతక్'ను విడుదల చేసింది. ప్రభుత్వ రంగం సైతం వెనుకబడలేదు. లక్నోలోని స్కూటర్స్ ఇండియా లిమిటెడ్ 'విజయ్ సూపర్'ను, హైదరాబాదులోని ఆల్విన్ సంస్థ 'పుష్పక్'ను మార్కెట్టుకు అందించాయి. డబ్బు కట్టి, బండి కోసం ఏళ్ల తరబడి వేచి చూసిన రోజులవి.

ఆ టూ స్ట్రోక్ స్కూటర్ల తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. 2019లో ఆవిష్కృతమైన చేతక్‌కు అసలు పెట్రోలే అక్కరలేదు. అయినప్పటికీ మన టౌన్‌షిప్ క్వార్టర్లలో, తండ్రుల జ్ఞాపకంగా, దుప్పటి కప్పుకొని నిలిచిన పాత స్కూటర్లు ఇంకా కొన్ని ఉన్నాయి. వాటిని తిరిగి రోడ్డెక్కించ దలచిన వారికి ఉపకరిస్తుందన్న ఆశతో మా అనుభవాన్ని ఇక్కడ వివరిస్తున్నాము.

ఇంటి నుంచి వచ్చిన షరతు

మా ఇంట ఉన్నది 1984 నాటి చేతక్. 2024 మే నెలలో మా అబ్బాయి దానిపై జాతీయ రహదారి మీద వెళుతుండగా ఇంజను ఒక్కసారిగా పట్టేసింది. వెనుక చక్రం బిగుసుకుపోయి, బండి కొంత దూరం జారింది. వెనుక లారీ వస్తోంది. అబ్బాయి క్లచ్ లీవరును నొక్కి పట్టడం వల్ల చక్రం విడివడి, బండి రోడ్డు పక్కకు చేరింది. ఎవరికీ దెబ్బ తగల లేదు.

అంతకు మూడు నెలల ముందే ఒక వర్క్‌షాపులో బోరు కొట్టించి, కొత్త పిస్టను వేయించి ఉన్నాము. మళ్లీ బోరు కొట్టిస్తే సరిపోతుందని కొందరు, పాత ఇనుముకు అమ్మేయమని కొందరు సలహా ఇచ్చారు. మా ఇల్లాలు మాత్రం ఒక్కటే షరతు విధించింది: "ఎందుకు ఆగిందో చెప్పండి. అది తెలియకుండా ఆ బండి మళ్లీ గేటు దాటడానికి వీల్లేదు." కర్మాగారంలో ఏ పంపు చెడినా మనమంతా చేసే మూలకారణ విశ్లేషణ అంటే ఇదే కదా! ఆ షరతుకు తలవంచి, మేము, అబ్బాయి, పొరుగు క్వార్టర్సులోని టర్నర్ మిత్రుడు కలిసి ఆదివారాలలో పని ప్రారంభించాము.

ఊపిరి బిగువే ప్రాణం

ఫోర్ స్ట్రోక్ ఇంజనులో క్రాంక్ కేసు కేవలం నూనె తొట్టి. టూ స్ట్రోక్‌లో అలా కాదు; అది ఒక పంపు. పిస్టను పైకి వెళ్లేటప్పుడు పెట్రోలు, గాలి, నూనెల మిశ్రమం క్రాంక్ కేసులోకి వస్తుంది. పిస్టను దిగేటప్పుడు ఆ మిశ్రమం ఒత్తిడికి లోనై, పక్క దారుల గుండా సిలిండరులోకి ఎగబాకుతుంది. కనుక క్రాంక్ కేసు గాలి చొరనంత బిగువుగా ఉండి తీరాలి. ఆ బిగువును కాపాడేవి క్రాంక్ షాఫ్టుకు ఇరువైపులా ఉండే రెండు రబ్బరు ఆయిల్ సీళ్లు.

క్లచ్ వైపు సీలు చెడితే గేరు ఆయిలు ఇంజనులోకి పీల్చబడుతుంది. తెల్లని పొగ దట్టంగా వస్తుంది, గేరు పెట్టెలో నూనె తగ్గిపోతుంది. ఈ లోపం కంటికి కనబడుతుంది. మాగ్నెటో వైపు సీలు చెడితే పొగ రాదు. ఆ సందు గుండా అదనపు గాలి చొరబడి మిశ్రమం పలచబడుతుంది. పలచని మిశ్రమం వల్ల వేడి పెరుగుతుంది. పెట్రోలుతో పాటే రావలసిన నూనె కూడా తగ్గుతుంది. ఎక్కువ వేగంతో ఎడతెగక నడిపినప్పుడు పిస్టను సిలిండరును పట్టేస్తుంది. దీనికి ముందస్తు సూచన ఒక్కటే: యాక్సిలరేటరు వదిలినా ఇంజను వేగం వెంటనే తగ్గక కొంతసేపు హోరెత్తుతుంది. ఆ లక్షణం మా బండికి వారం ముందు నుంచే ఉంది. వర్క్‌షాపు వారు కార్బురేటరు స్క్రూ తిప్పి పంపించారు.

రక్తపోటు పరికరంతో పరీక్ష

అనుమానం ఉన్నంత మాత్రాన అది రుజువు కాదు. ఇంజను విప్పేస్తే సాక్ష్యం చెదిరిపోతుంది. అందుచేత విప్పక ముందే పరీక్షించాము. పాత స్పార్క్ ప్లగ్గులోని పింగాణీని తొలగించి, అందులో ఇత్తడి గొట్టం అతికించాము. ఇంట్లో మూలనపడిన రక్తపోటు పరికరపు గాలిబుడ్డిని, గేజిని దానికి కలిపాము. సైలెన్సరు విప్పి ఆ ద్వారాన్ని, కార్బురేటరు తీసి ఆ ద్వారాన్ని రబ్బరు షీటుతో మూసి బిగించాము. పిస్టనును కింది స్థానంలో ఉంచితే సిలిండరు, క్రాంక్ కేసు కలిసి ఒకే గది అవుతాయి.

గేజిలో 300 మిల్లీమీటర్ల పాదరస పీడనం అంటే సుమారు 0.4 బార్. ఈ పరీక్షకు అది చాలును. అంతకు మించితే మంచి సీళ్లు కూడా పాడు కావచ్చు. మా గేజి ముల్లు అర నిమిషంలో సున్నాకు దిగిపోయింది. పుల్లరుతో ఫ్లైవీలు తీసి, సీలు చుట్టూ సబ్బు నీరు రాయగానే బుడగలు వచ్చాయి. ఏళ్ల తరబడి వేడికి గట్టిపడిన చిన్న రబ్బరు వలయమది. మూడు నెలల క్రితం కొత్త పిస్టను పడింది గాని, సీలు మార లేదు. ఇల్లాలి ప్రశ్నకు సమాధానం అక్కడే దొరికింది.

విప్పుట, కొలుచుట

ఈ ఇంజనును బండి నుంచి దింపడం కష్టం కాదు. క్లచ్, బ్రేకు, గేరు, యాక్సిలరేటరు కేబుళ్లు, పెట్రోలు గొట్టం, వైర్లు విడదీసి, ఒక పొడవాటి బోల్టును, షాకబ్జార్బరు అడుగు బోల్టును తీస్తే చక్రంతో సహా చేతికి వస్తుంది. విప్పిన ప్రతి భాగాన్ని పేరు రాసిన డబ్బాలో ఉంచాలి. పెట్రోలు ఉన్న చోట స్టవ్వు గాని, సిగరెట్టు గాని ఉండరాదు.

సిలిండరును పైన, నడుమ, కింద - రెండేసి దిశలలో బోర్ గేజితో కొలవాలి. ఈ ఇంజను బోరు 57 మి.మీ., స్ట్రోకు 57 మి.మీ.; ఘనపరిమాణం 145.45 సి.సి. మాకు 0.50 మి.మీ. ఓవర్‌సైజు పిస్టను అవసరమైంది. అంటే బోరు 57.50, ఘనపరిమాణం 148.01 సి.సి. పెరుగుదల రెండు శాతానికి లోపే. బోరు కొట్టిస్తే బండి బలం పెరుగుతుందనే నమ్మకం ఎంతవరకు నిజమో పాఠకులే గ్రహించగలరు.

లేతు పనివారు సాధారణంగా "బోరు బిగువుగా ఉంటేనే ఎక్కువ రోజులొస్తుంది సార్" అంటారు. అల్యూమినియం మిశ్రలోహపు పిస్టను, పోత ఇనుప సిలిండరు సమానంగా వ్యాకోచించవు. 100 డిగ్రీల వేడి పెరిగితే 57 మి.మీ. పిస్టను దాదాపు 0.11 మి.మీ., సిలిండరు 0.06 మి.మీ. పెరుగుతాయి. అనగా వాటి నడుమ సందు 0.05 మి.మీ. తగ్గిపోతుంది. వాస్తవానికి పిస్టను సిలిండరు కంటే ఎక్కువ వేడెక్కుతుంది గనుక సందు మరింత తగ్గుతుంది. కావున పిస్టను తయారీదారు సూచించిన సందును కాగితం మీద రాసి ఇచ్చి, పని పూర్తయ్యాక మా మిత్రుని చేత కొలిపించి తీసుకున్నాము.

బోరు కొట్టాక సిలిండరు గోడలోని ద్వారాల అంచులు కత్తిలా పదునెక్కుతాయి. వాటిని సన్నని ఆకురాయితో కొద్దిగా గుండ్రం చేయకపోతే రింగులు తగులుకొని విరుగుతాయి. రింగును సిలిండరులో ఉంచి, కొనల మధ్య ఎడాన్ని ఫీలర్ గేజితో చూడాలి. ఈ పరిమాణానికి 0.20 నుంచి 0.35 మి.మీ. ఉండటం సమంజసం. రింగు కొనలు పిస్టను గాడిలోని పిన్ను వద్దనే కలవాలి. పిస్టను తలపై గల బాణం గుర్తు సైలెన్సరు ద్వారం వైపు ఉండాలి.

కనెక్టింగ్ రాడ్డును పట్టి పైకి, కిందికి కదిపితే ఆట తెలియరాదు. పక్కలకు కొద్దిపాటి కదలిక సహజం. క్రాంకును ప్రెస్సు కింద విప్పి, తిరిగి సరళరేఖలో నిలపడం ఇంటి పని కాదు. దానిని అనుభవజ్ఞులకే అప్పగించాము. కొత్త బేరింగులు ఎక్కించడానికి సుత్తి వాడ లేదు. క్రాంక్ కేసును వేడిచేసి, బేరింగులను రాత్రంతా ఫ్రిజ్ పై అరలో ఉంచితే అవి చేతి ఒత్తిడికే కూర్చున్నాయి. రెండు సీళ్లు, అన్ని గ్యాస్కెట్లు కొత్తవి. తిరిగి బిగించాక అదే రక్తపోటు గేజితో పరీక్షించాము. ఐదు నిమిషాల తరువాత కూడా ముల్లు 300 దగ్గరే నిలిచింది.

మెరుగుదల అంటే ఏమిటి?

పెద్ద సిలిండరు వేసి సి.సి. పెంచుకొమ్మని ప్రోత్సహించేవారున్నారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడం కూడదు. అంతకు మించి, ఇంజను బలం పెరిగినంత మాత్రాన ఆనాటి డ్రమ్ము బ్రేకుల బలం పెరగదు. మేము చేసిన మార్పులు మూడే.

మొదటిది ఇగ్నిషను. 6 వోల్టుల పాయింట్ల పద్ధతికి బదులు, అదే కోవకు చెందిన తరువాతి మోడళ్లలో వచ్చిన 12 వోల్టుల ఎలక్ట్రానిక్ ఇగ్నిషను అమర్చాము. ఫ్లైవీలు లోపలి వాలు, క్రాంకు చివరి వాలు సరిపోలినప్పుడే దీనిని వేయాలి. బల్బులు, హారను కూడా మార్చవలసి ఉంటుంది. పాయింట్లు అరిగి టైమింగు మారిపోయే బెడద తీరడమే గాక, రాత్రిపూట దీపం వెలుతురు పెరిగింది.

రెండవది నేటి పెట్రోలుకు తగిన ఏర్పాటు. 2023 నుంచి దేశంలో 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు ప్రవేశించింది. పెట్రోలులో ఒక వంతు పూర్తిగా మండడానికి బరువులో సుమారు 14.6 వంతుల గాలి కావాలి. ఈ మిశ్రమానికి 13.5 వంతులు చాలు. పాత జెట్టుతోనే నడిపితే మిశ్రమం ఆ మేరకు పలచబడుతుంది. ఎనిమిది శాతం లోటు పూడ్చాలంటే జెట్టు రంధ్రపు వ్యాసం నాలుగు శాతం పెరగాలి. అంటే 100 నంబరు జెట్టుకు బదులు 104 లేదా 105. ఇథనాలుకు తట్టుకొనే పెట్రోలు గొట్టాన్ని, వాషర్లను కూడా వేశాము. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది గనుక టాంకులో పెట్రోలును నెలల తరబడి నిల్వ ఉంచరాదు.

మూడవది నూనె. ఐదు లీటర్ల పెట్రోలుకు 100 మి.లీ. మేలురకం టూటీ ఆయిలు, అంటే 2 శాతం. నూనె ఎంత ఎక్కువ పోస్తే ఇంజను అంత భద్రమన్న అభిప్రాయం సరికాదు. నూనె పెరిగితే అదే రంధ్రం గుండా వెళ్లే పెట్రోలు తగ్గి, మిశ్రమం పలచబడుతుంది. పొగ, మసి మాత్రం పెరుగుతాయి.

రోడ్డెక్కిన పిదప

తొలి 500 కిలోమీటర్లు వేగాన్ని మారుస్తూ, ఎత్తు ఎక్కేటప్పుడు గేరు తగ్గిస్తూ నడిపాము. ప్లగ్గును తరచూ తీసి రంగు చూశాము. ఇటుక రంగు కలిసిన గోధుమ వర్ణం ఆరోగ్య లక్షణం. తెలుపు పలచని మిశ్రమానికి, తడి నలుపు చిక్కని మిశ్రమానికి సూచన. ఆ ప్లగ్గును మా ఇల్లాలు కూడా చూసి, గేటు తీసింది. నేటికి 3,000 కిలోమీటర్లు నిరాటంకంగా సాగాయి.

ఈ ఇంజనుకు ఒక పుట్టు లోపం ఉంది. సిలిండరులోకి వచ్చిన తాజా మిశ్రమంలో కొంత భాగం మండకుండానే సైలెన్సరు గుండా బయటికి పోతుంది. కాలుష్య నిబంధనలు కఠినతరం అయ్యే కొద్దీ ఇది కనుమరుగు కావడానికి కారణం అదే. కనుక నిత్యం ఆఫీసుకు వెళ్లి రావడానికి కొత్త వాహనమే ఉత్తమం. పాత స్కూటరును ఉంచుకోదలచిన వారు, రిజిస్ట్రేషను పదిహేనేళ్లు దాటితే పునరుద్ధరించుకొని, బీమా, కాలుష్య ధ్రువపత్రాలతోనే నడపాలి.

చివరగా, పాత టూ స్ట్రోక్ బండి నడిపే ప్రతి ఒక్కరికీ మా మనవి. ఎడమ చేతి రెండు వేళ్లు ఎల్లప్పుడూ క్లచ్ లీవరు మీద ఉండనివ్వండి. యాక్సిలరేటరు వదిలాక కూడా ఇంజను హోరు తగ్గకపోతే ఆ రోజే బండి ఆపివేయండి. మెకానిక్కు వద్దకు వెళ్లినప్పుడు "ఏ సామాను వేశారు?" అని అడిగే ముందు "ఎందుకు చెడింది?" అని అడగండి.